మౌంట్ రోడ్డు మేడ: పెట్టుబడి ఎవరిది?

నర్సీపట్నంలో పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పుకునే తెలుగు మాస్టారికి మద్రాసులో ఉన్న ఒక ఆఫీసు మేడతో పనేమిటని మిత్రులు అడగవచ్చు. ఆ మేడతో నా పరిచయం శిల్పశాస్త్రం ద్వారా కలగలేదు. మా ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున, సెంటు భూమి కాగితాల కింద దాచిపెట్టిన ఒక బాండు ద్వారా కలిగింది. మా నాన్న ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. ఆయన జీతంలోంచి నెలనెలా నలభై చిల్లర రూపాయలు జీవిత బీమాకు కోత పడేది. ఆ కోత పోగా మిగిలిందే జీతమని మా అమ్మ లెక్క. ఆ కోతే అసలు జీతమని మా నాన్న లెక్క.

2003లో ఆయనను కంటి వైద్యానికి మద్రాసు తీసుకువెళ్లాను. ఊరి పేరు అప్పటికే చెన్నై అయింది, మౌంట్ రోడ్డు అన్నాసాలై అయింది. నాన్నకు మాత్రం అవి పాత పేర్లే. సిటీ బస్సు ఆ మేడ ముందు ఆగినప్పుడు, పొర కమ్మిన కళ్లతోనే తలెత్తి చూసి, "ఒరే, అదేరా మన ఎల్.ఐ.సి. మేడ. అందులో మనదీ ఓ ఇటుక ఉందిరా" అన్నాడు. నేను నవ్వాను. ఎం.ఏ. చదివి, నాలుగు సిద్ధాంత గ్రంథాలు తిరగేసిన గర్వం నాది. "అది పెట్టుబడి కట్టిన మేడ నాన్నా" అన్నాను. ఆయన కోప్పడలేదు. "పెట్టుబడి ఎవరిదిరా?" అని మాత్రం అడిగాడు.

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసం చేసిన ప్రయత్నం.

1

ముందు మేడ సంగతి. మద్రాసు వర్తకానికి పాత పేట సముద్రపొడ్డున ఉన్న జార్జిటౌను. రేవుకెదురుగా ఫస్ట్ లైన్ బీచి పొడవునా బ్యాంకులు, విదేశీ వర్తక సంస్థలు. వెనక వీధుల్లో దేశీయ వర్తకుల కొట్లు. ఇరవయ్యో శతాబ్దం నడిమికి ఆ వర్తకం కోట దాటి మౌంట్ రోడ్డు వెంట విస్తరించింది. ఆ విస్తరణకు నిలువెత్తు గుర్తు ఎల్.ఐ.సి. భవనం.

అయితే దాన్ని తలపెట్టింది ఎల్.ఐ.సి. కాదు. తన యునైటెడ్ ఇండియా బీమా సంస్థలకు ప్రధాన కార్యాలయంగా ఎం.సి.టి.ఎం. చిదంబరం చెట్టియార్ తలపెట్టాడు. 1953లో పని మొదలయింది. 1954 మార్చిలో సింగపూరు విమాన ప్రమాదంలో ఆయన మరణించాడు. నమూనా గీసిన బ్రౌన్, మూలిన్ అనే ఇంగ్లీషు శిల్పులు 1957లో తప్పుకున్నారు. మిగిలిన పనిని మద్రాసుకు చెందిన ఎల్.ఎం. చితలే పూర్తి చేశాడు. ఈలోగా యజమానే మారిపోయాడు. బీమా జాతీయమైంది. 1959 ఆగస్టు 23న అప్పటి కేంద్ర ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయి ప్రారంభోత్సవం చేసేనాటికి, ఒక చెట్టియార్ మొదలుపెట్టిన మేడ ప్రభుత్వరంగ సంస్థ మేడ అయి నిలిచింది.

ఎత్తు 177 అడుగులు. ఖర్చు సుమారు 87 లక్షల రూపాయలు. అంతవరకు మద్రాసుకు ఎత్తంటే గుడి గోపురం, చర్చి శిఖరం, హైకోర్టు గుమ్మటం మీది దీపస్తంభం. దేవుడు, దొర, న్యాయస్థానం తప్ప మరెవరూ అంత పైకి పోని నగరంలో గుమాస్తాలు కూర్చునే ఆఫీసు ఆకాశానికి లేచింది. 1961లో బొంబాయి ఉషాకిరణ్ భవనం మించేవరకు దేశంలో దీన్ని మించిన మేడ లేదు. సున్నం, ఇటుకల కట్టుబడి నుంచి కాంక్రీటు స్తంభాల కట్టుబడికి దక్షిణాది మళ్లిన మలుపు కూడా ఇదే. నాన్న ఇటుక అన్నాడు గాని, నిజానికి ఆ మేడ బరువు మోసేది ఇటుక కాదు.

మద్రాసు వెళ్లిన తెలుగువాళ్లకు ఆ మేడ సెంట్రల్ స్టేషను తర్వాత రెండో ఆనవాలు. తెలుగు సినిమా మద్రాసులో ఉన్నన్నాళ్లు, వేషాల కోసం రైలెక్కిన మన పల్లెటూరి కుర్రాడు తలెత్తి చూసి నోరు తెరిచింది దాని ముందే.

2

ఇక్కడ ఒక సంవత్సరం గమనించవలసి ఉంది. మేడ పని మొదలైన 1953లోనే, అక్టోబరు 1న, ఆంధ్రరాష్ట్రం మద్రాసు నుంచి విడిపోయింది. అంతకు పది నెలల ముందు, 1952 డిసెంబరు 15 రాత్రి, పొట్టి శ్రీరాములు అదే నగరంలో మైలాపూరులోని బులుసు సాంబమూర్తి ఇంట్లో నిరాహారదీక్షలో ప్రాణం విడిచాడు. మద్రాసు మనదే అన్న నినాదం ఓడిపోయింది. మద్రాసు మీద హక్కు వదులుకుంటేనే రాష్ట్రం అని 1949లోనే చెప్పిన జె.వి.పి. సంఘంలో "పి" అక్షరం పట్టాభి సీతారామయ్యది. ఆయనే మచిలీపట్నంలో 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్ర ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించినవాడు.

ఇది కేవలం కాకతాళీయమని నేననుకోను. తెలుగు మధ్యతరగతికి అప్పటికి రెండు ఆర్థిక కేంద్రాలున్నాయి. ఒకటి బందరు. స్వదేశీ ఉద్యమం నాటి నుంచి పత్రిక, జాతీయ కళాశాల, బ్యాంకు, బీమా అన్నీ వరసగా పుట్టిన ఊరు. రెండోది మద్రాసులో తంబుచెట్టి వీధి. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, దాని లాభంతో 1908లో అక్కడే ఆంధ్రపత్రిక వారపత్రిక పెట్టి, 1914లో మద్రాసు నుంచి దినపత్రిక తెచ్చాడు. 1924లో "భారతి" వచ్చింది. ఆధునిక తెలుగు విమర్శ చదివే ప్రతి విద్యార్థీ "భారతి" పాత సంచికలు తిరగేస్తాడు. తలనొప్పి మందు అమ్మిన డబ్బుతో ఆ సంచికలు అచ్చయ్యాయన్న సంగతి మాత్రం సరదా కబురుగా చెప్పుకుని వదిలేస్తాడు. అది సరదా కబురు కాదు. సాహిత్యానికి ఆర్థిక పునాది అంటే ఏమిటో మనకున్న అత్యంత సులభమైన ఉదాహరణ.

బీమా చరిత్ర కూడా ఇలాంటిదే. 1818లో కలకత్తాలో ఓరియంటల్ పేరుతో వచ్చిన మొదటి జీవితబీమా కంపెనీ తెల్లవాళ్ల కోసం పుట్టింది. ఆ తర్వాత చాలాకాలం భారతీయుడి ప్రాణానికి ఎక్కువ ప్రీమియం వేసేవారు. భారతీయుడు తొందరగా చస్తాడు గనక ఎక్కువ కట్టాలి అన్నది వాళ్ల గణితం. వాడు తొందరగా ఎందుకు చస్తున్నాడన్న ప్రశ్న ఆ గణితంలో లేదు. అందరితో సమానమైన రేటుకు భారతీయుడికి బీమా ఇచ్చిన మొదటి సంస్థ 1870లో వచ్చిన బొంబాయి మ్యూచువల్. కాబట్టి బందరులో 1925లో ఒక బీమా కంపెనీ పెట్టడం ఉత్త వ్యాపారం కాదు. మా ప్రాణానికి ధర మేమే కట్టుకుంటాం అని చెప్పడం. దాని ప్రగతిశీలత అక్కడ ఉంది.

3

దాని పరిమితి కూడా చెప్పాలి. అది చెప్పడానికి మా ఊరు పనికొస్తుంది.

బందరులో ఆంధ్రా బ్యాంకు పుట్టిన 1923లో నర్సీపట్నం పోలీసు పటాలాలకు మజిలీ. మా ఊరి నుంచి చింతపల్లి వైపు కొండల్లోకి వేసిన రోడ్డు పనిలో గిరిజనులకు న్యాయమైన కూలి దక్కలేదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఆగడాలు అల్లూరి సీతారామరాజు పితూరీకి దగ్గరి కారణాల్లో ఒకటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద దాడులు జరిగాయి. ముప్పై ఏడేళ్ల తర్వాత అదే ఆగస్టు 23న మౌంట్ రోడ్డు మేడ తలుపులు తెరిచారు. తేదీలు కలవడంలో అర్థమేమీ లేదు. కాని ఆ రెండు తేదీల మధ్య ఉన్న దూరంలో అర్థం ఉంది. స్వదేశీ బీమా పల్లపు ప్రాంతపు రైతునూ ప్లీడరునూ గుమాస్తానూ చేరింది. ఘాట్ ఎక్కలేదు. రోజు కూలి చేతికి రానివాడికి ప్రీమియం అన్న మాటకే అర్థం లేదు. జాతీయోద్యమం కట్టిన ఆర్థిక సంస్థలకు ఏజెన్సీ కూలీ హక్కుదారు కాడు, ఖాతాదారు కూడా కాడు.

చెట్టియార్ పెట్టుబడిని కూడా ఈ చూపుతోనే చూడాలి. 1937 ఫిబ్రవరిలో ఆయన ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు పెట్టినప్పుడు కారైకుడి, మద్రాసులతోపాటు రంగూన్‌లోనూ ఒకేరోజు శాఖలు తెరిచారు. రంగూన్ ఎందుకంటే, చెట్టినాడు వడ్డీ వ్యాపారానికి బర్మా వరిపొలాలు ఆయువుపట్టు. అదే రంగూన్‌కు మన విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఓడల్లో కూలీలు పోయారు. రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో ఊక మింగారు. 1930 మేలో అక్కడ జరిగిన అల్లర్లలో దాడులకు గురైనవాళ్లు ప్రధానంగా తెలుగు రేవు కూలీలే. ఒకే సముద్రం మీద ఒకడు వడ్డీకి, ఒకడు కూలికి పోయాడు. ఒకడి ప్రయాణం బ్యాంకుగా, బీమాగా, చివరికి మేడగా మిగిలింది. రెండోవాడి ప్రయాణం మా ప్రాంతపు ముసలివాళ్ల నోట "రంగం వెళ్లాడు, రాలేదు" అన్న ఒక్క వాక్యంగా మిగిలింది.

4

ఈ కథ ఇంతటితో ఆగిపోతే నేను బస్సులో నాన్నకు చెప్పిన జవాబే సరైనదయ్యేది. కాని 1956 వచ్చింది.

అప్పటికి దేశంలో ప్రైవేటు బీమా పరిస్థితి ఏమిటి? పాలసీదారు కట్టిన సొమ్మును యజమానులు తమ ఇతర వ్యాపారాలకు మళ్లించుకోవడం మామూలైపోయింది. 1955 డిసెంబరులో ఫిరోజ్ గాంధీ పార్లమెంటులో లేచి, రామకృష్ణ డాల్మియా చేతిలోని భారత్ ఇన్సూరెన్సు వ్యవహారాన్ని బయటపెట్టాడు. ఆ కేసులో డాల్మియా చివరికి జైలుకు పోయాడు. 1956 జనవరి 19న ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్ రేడియోలో జీవితబీమా జాతీయీకరణను ప్రకటించాడు. సెప్టెంబరు 1న జీవితబీమా సంస్థ ఏర్పడింది. 154 భారతీయ కంపెనీలు, 16 విదేశీ కంపెనీలు, 75 ప్రావిడెంటు సొసైటీలు, మొత్తం 245 సంస్థలు అందులో కలిశాయి. బందరు ఆంధ్ర ఇన్సూరెన్సు జీవితబీమా వ్యాపారమూ కలిసింది, చెట్టియార్‌దీ కలిసింది. సగం లేచిన మేడా కలిసింది.

ప్రభుత్వం పెట్టిన మూలధనం 5 కోట్లు. మిగులులో కనీసం 95 శాతం పాలసీదారులకే చెందాలని చట్టంలో రాశారు. ఈ ఒక్క నిబంధన చాలు, నాన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి. ఆ మేడలోని సంస్థకు పెట్టుబడి అంటే కోట్లమంది జీతపు కోత. నర్సీపట్నంలో నలభై రూపాయలు, నంద్యాలలో ముప్పై, నాగర్‌కోయిల్‌లో యాభై. నాన్న చెప్పిన ఇటుక కవిత్వం కాదు, చట్టం.

ఇంతమాత్రాన జాతీయీకరణకు హారతి పట్టవలసిన పని లేదు. సంస్థ పుట్టి ఏడాది నిండకముందే, 1957 జూన్‌లో, ముంద్రా అనే వ్యాపారి కంపెనీల వాటాలు కొనడానికి సుమారు కోటీ పాతిక లక్షల పాలసీదారుల సొమ్ము పోశారు. మళ్లీ ఫిరోజ్ గాంధీయే లేచాడు. 1958లో జస్టిస్ చాగ్లా బహిరంగ విచారణ జరిపాడు. ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశాడు. యాజమాన్యం ప్రజలదైతే చాలదు, కాపలా కూడా ప్రజలదే కావాలన్న పాఠం మేడ పూర్తికాకముందే నేర్పిన ఘటన ఇది. ఐతే ఒక తేడా ఉంది. ప్రైవేటు కంపెనీలో ఈ పని జరిగితే బయటికి రావడానికి ఏళ్లు పట్టేది. ప్రభుత్వరంగంలో జరిగింది గనకనే పార్లమెంటులో నిలదీయగలిగారు.

5

1975 జులైలో ఆ మేడ అంటుకుంది. అంత ఎత్తున మంటలార్పడం ఆనాటి అగ్నిమాపకదళానికి కొత్త. నగరమంతా రోడ్డు మీద నిలబడి చూసింది. కూల్చేద్దామనకుండా సంస్థ దాన్ని బాగుచేసుకుంది. కాలిన అంతస్తులు మళ్లీ లేచాయి, గుమాస్తాలు మళ్లీ వచ్చి కూర్చున్నారు. నాన్న 2003లో చూసింది ఆ బాగుచేసిన మేడనే.

అదే రోడ్డు మీద ఇంకొక భవనం ఉంది. 1897లో డబ్ల్యు.ఇ. స్మిత్ అనే ఇంగ్లీషు మందుల వర్తకుడి కోసం కట్టిన కార్డిల్ భవనం. గుమ్మటాలు, కమానులు, ఎర్రరంగు. 1934లో భారత్ ఇన్సూరెన్సు దాన్ని కొన్నది. అవును, డాల్మియా చేతిలో పడ్డ ఆ భారత్ ఇన్సూరెన్సే. జాతీయీకరణతో ఆ భవనం కూడా ఎల్.ఐ.సి.కి వచ్చింది. 2006లో సంస్థ దాన్ని పడగొట్టబోతే, వారసత్వ కట్టడాలను కాపాడేవాళ్లు కోర్టుకెక్కి ఆపించారు. 2010లో మద్రాసు హైకోర్టు కూల్చరాదని తీర్పిచ్చింది.

ఒకే యజమాని, ఒకే రోడ్డు, రెండు భవనాలు. ఒకటి కాలితే నిలబెట్టారు. ఇంకొకటి నిలబడి ఉంటే కూల్చబోయారు. మొదటిది పనికొచ్చే ఆఫీసు. రెండోది పనికిరాని అందం. ఇదే పునరుద్ధరణకు నేటి సూత్రమైతే, చరిత్రను కాపాడుతున్నది చరిత్ర మీద ప్రేమ కాదు, చదరపు అడుగుల లెక్క అని ఒప్పుకోవాలి. గోడ నిలబెట్టడం మేస్త్రీ పని. ఆ గోడ ఎవరి సొమ్ముతో లేచింది, ఏ మోసం మీద ఏ చట్టం వచ్చి అది ప్రజల చేతికి మారింది అన్న జ్ఞాపకాన్ని నిలబెట్టడం ఎవరి పని?

అది రచయితల పని అని నా వాదన. ఆ పని మనం చేయలేదని నా ఫిర్యాదు.

మన అభ్యుదయ కథల్లో మేడ కనిపిస్తే అది దోపిడీకి గుర్తు. పక్కన గుడిసె ఉండి తీరుతుంది. శ్రీశ్రీ "దేశచరిత్రలు" చదివాక, కట్టిన చేతులెవరివని అడగడం మనకు అలవాటైంది. మంచిదే. పెట్టిన డబ్బు ఎవరిదని అడగడం మాత్రం అలవాటు కాలేదు. అందువల్ల మేడలన్నీ మనకు ఒకే మేడగా కనిపించాయి. వడ్డీ వ్యాపారి మేడకు, పాలసీదారు సొమ్ముతో నిలిచిన మేడకు తేడా లేకుండాపోయింది. బీమా ఏజెంటు మన కథల్లోకి వచ్చినా నవ్వించడానికే వచ్చాడు. సైకిలు మీద ఊరూరా తిరిగి, చావు మాట ఎత్తకుండా చావు గురించి మాట్లాడి, ఒక తరం మధ్యతరగతికి పొదుపు నేర్పిన ఆ మనిషి జీవితం తెలుగు నవలకు చాలినంత వస్తువు.

నావరకు నేను చేసిన తప్పు ఇదే. సిద్ధాంతం నాకు "పెట్టుబడి" అన్న మాట నేర్పింది. ఆ మాటను నేను తిట్టుగా వాడుకున్నాను, పనిముట్టుగా వాడుకోలేదు. నాన్న ఏ పుస్తకమూ చదవకుండానే దాన్ని పనిముట్టుగా వాడాడు.

6

మనం పట్టించుకోని దానికి ఫలితం ఉంటుంది. బీమారంగంలోకి ప్రైవేటు కంపెనీలను అనుమతించే చట్టం 1999లో వచ్చింది. 2021లో విదేశీ పెట్టుబడి పరిమితిని 74 శాతానికి పెంచారు. అదే ఏడు 1956 నాటి చట్టాన్ని సవరించి, వాటాలు అమ్మడానికి దారి వేశారు. 2022 మేలో ప్రభుత్వం ఎల్.ఐ.సి.లో 3.5 శాతం వాటా అమ్మి సుమారు 21 వేల కోట్లు తీసుకుంది. పాలసీదారులకు వాటా మీద 60 రూపాయలు తగ్గింపు ఇచ్చారు. దాన్ని గొప్ప వరంగా చెప్పారు. మా స్టాఫ్‌రూములో నలుగురు మిత్రులు దరఖాస్తు కూడా పెట్టారు. తన ఇల్లు తనకే పావలా తగ్గించి అమ్ముతుంటే మనిషి సంతోషిస్తాడా? ఆ ఇల్లు తనదని తెలియనివాడే సంతోషిస్తాడు. అది మనదని మనకెవరూ చెప్పలేదు. చెప్పవలసినవాళ్లలో నేనూ ఒకణ్ని.

బందరు సంగతీ అంతే. 1980 ఏప్రిల్‌లో జాతీయమైన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయి, పేరుతో సహా పోయింది. మా వీధి చివరి శాఖ మీద బోర్డు మారిన రోజు ఎవరూ తల తిప్పి చూడలేదు. ఆ బోర్డు వెనక స్వదేశీ ఉద్యమం ఉందని చెప్పడానికి పాఠంలో ఒక్క పేజీ లేదు.

ఇక యువ రచయితలకు, సాహిత్య విద్యార్థులకు ఒక విన్నపం. తంబుచెట్టి వీధి, బందరు, రంగూన్, మౌంట్ రోడ్డు, ఈ నాలుగింటినీ కలిపి చదివితే గాని ఆధునిక తెలుగు మధ్యతరగతి చరిత్ర పూర్తికాదు. ఆ మధ్యతరగతి చరిత్ర తెలియకుండా దాని సాహిత్యం మీద తీర్పులు చెప్పడం సాహసం. పరిశోధనకు ఇంకొక ప్రబంధంలోని అష్టాదశ వర్ణనలు వెతుక్కునే బదులు, మీ జిల్లాలో పాత ఏజెంట్ల చేత మాట్లాడించండి. రంగం నుంచి తిరిగి వచ్చినవాళ్ల మనవల దగ్గర మిగిలిన ఉత్తరాలు అడగండి. మీ ఇంట్లో ట్రంకుపెట్టె తెరిచి చూడండి. అడుగున ఒక బాండు ఉండవచ్చు. దాని మీద దీపాన్ని కాపాడుతున్న రెండు చేతుల బొమ్మ ఉంటుంది. ఆ చేతులు ఎవరివో అడగండి.

నాన్న పాలసీ ఆయన రిటైరయిన ఏడాదే గడువు తీరింది. వచ్చిన డబ్బు మా చెల్లెలి పెళ్లికి సరిపోలేదు, కొంత అప్పు చేశాం. ఆ మాట కూడా దాచకుండా చెప్పాలి. బీమా మమ్మల్ని ధనవంతుల్ని చేయలేదు. చేతులు కట్టుకుని ఒకరి గుమ్మంలో నిలబడే అవసరాన్ని కొంత తగ్గించింది. గడువు తీరిన బాండు తిరిగి ఇచ్చేయవలసి వచ్చినప్పుడు, ఇచ్చే ముందు ఆయన దాని నంబరు ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాడు. ఎందుకు నాన్నా అంటే, "మన ఇటుక నంబరురా" అన్నాడు. ఆ పుస్తకం నా దగ్గరే ఉంది. వచ్చే ఏడు పదో తరగతి పిల్లలకు చూపించి, ఆ మేడ కథ చెబుదామనుకుంటున్నాను.